నిలబడి ఉరికిన కారు

డైనో మీద పెడితే కారు ఇంజను పాడైతదా అని సూర్యాపేటల, కోదాడల నన్ను అడగనోడు లేడు. బస్సుల పక్క సీటోడు గూడ అడిగిండు. పాడు గాదు. అదే జవాబు ఎన్నోసార్లు నోటితోని చెప్పిన, ఎవరూ వినలె. ఇప్పుడు రాస్తున్న. రాస్తే వింటరని మాత్రం అనుకుంటలేను.

డైనో అంటే ఏందో తెల్వనోళ్లకు ముందు అది చెప్పాలె. షెడ్డుల నేల తవ్వి గుంత చేసి, అందుల పెద్ద ఇనుప రోలర్లు పెడతరు. కారుల ఇంజను తిప్పే చక్రాలు వాటి మీద ఆనిస్తరు. కారును పట్టీలతోని నేలల ఉన్న కొక్కేలకు గట్టిగ బిగిస్తరు. స్టార్టు చేసి గేరేసి తొక్కితే చక్రాలు రోలర్లను తిప్పుతయి గాని కారు జరగదు. రోడ్డు మీద ఎంత స్పీడుల పోతదో అంత స్పీడు నిలబడ్డ కాడనే ఉరుకుతది. ఇంజను ఎంత బలం ఇస్తున్నదో కంప్యూటరు గీత గీసి చూపెడతది. అంతే, ఇందుల మాయ లేదు.

కోదాడ ఊరి బయట హైవే పక్కన ఆ షెడ్డు పెట్టింది నా బిడ్డ. మెకానికల్ డిప్లొమా చదివింది. హైదరాబాదుల స్పీడు కార్లను ఇంకా స్పీడు చేసే షాపుల ఎనిమిదేండ్లు పని చేసింది. సొంతంగ పెట్టుకుంటనని వాపస్ వచ్చింది. సూర్యాపేటల పెట్టరాదా, మనూరికి దగ్గరుంటది అని నేనంటే, "కోదాడ నడిమిట్ల ఉంటది నాయినా. అటు హైదరాబాద్ బండ్లు, ఇటు విజయవాడ బండ్లు, రెండూ ఈ రోడ్డు మీదనే ఉరుకుతయి" అన్నది. మా ఊరు చివ్వెంల దగ్గర. పొద్దున ఇద్దరం బస్సెక్కి కోదాడ పోయేటోళ్లం. నాకు అప్పటికే పని లేదు. పోయి షెడ్డుల కుర్చీ వేసుకొని కూసునేటోణ్ని.

నేను డీజిలు మేస్త్రిని. సూర్యాపేటల లారీలు, ట్రాక్టర్లు చేసిన. తర్వాత మిర్యాలగూడ రైసు మిల్లుల్ల ఇంజన్లు చేసిన. కరెంటు సరిగ లేని రోజులల్ల మిల్లు నడిచేది ఇంజను మీదనే. ఇంజను ఇప్పి పిస్టను రింగులు మార్చి మళ్ల కడితే, మాకొక పద్ధతి ఉండె. పొద్దుగాల స్టార్టు చేసి మిల్లు లోడు దాని మీద పెట్టి పగటాలదాకా దించకపోదుము. రింగులు లోడు మీద ఉంటేనే బోరుల, అంటే పిస్టను ఆడే గొట్టంల, సరిగ కూసుంటయి. ఎండకాలం అయితే పైపుల మీద, ఇంజను గది కిటికీలకు తడి గోనె సంచులు కప్పేటోళ్లం. నా చెయ్యి పడ్డ ఇంజను ఒక్కటి గూడ లోడు మీద పోలె. ఈ మాట గొప్పకు చెప్తలేను. ఈ మాట వల్లనే షెడ్డు మునిగింది.

మొదటి నెలలు చిన్న చిన్న కార్లే వచ్చినయి. వచ్చినోళ్లందరికీ ఒకటే భయం, రోలర్ల మీద తొక్కితే ఇంజను నలుగుతదేమో అని. నా బిడ్డ ప్రతి ఒక్కరికీ ఓపికగ చెప్పేది. "గుట్ట ఎక్కేటప్పుడు ఫుల్లు తొక్కుతరు గదా సార్, ఇంజనుకు దానికీ దీనికీ తేడా లేదు. తేడా అంతా గాలిల ఉన్నది. రోడ్డు మీద స్పీడుకు గాలి దానంతటదే తగులుతది, ఇక్కడ తగలదు. అందుకే ఈ పెద్ద ఫ్యాను. పన్నెండు సెకన్లే తొక్కుతం. తర్వాత పది నిమిషాలు చల్లగైనదాకా ముట్టం." ఈ ముక్కలు నేను కుర్చీల కూసోని వందసార్లు విన్న. విన్న గాని నాకు కాదన్నట్టు విన్న.

అట్ల ఉండంగ మిర్యాలగూడ నుంచి ఒక కారు వచ్చింది. విదేశీ కారు, పెట్రోలు, ఇంజనులకు గాలిని ఒత్తి నింపే టర్బో ఉన్నది. దాని ఆసామికి నలభై ఏండ్లుంటయి, రైసు మిల్లు సేటు. వాళ్ల నాయిన మిల్లుల ఇంజన్లన్నీ చేసింది నేనే. మొదటిసారి మాట్లాడిపోనీకి వచ్చినప్పుడు నన్ను చూసి చెప్పులిడిచి దండం పెట్టిండు. "మేస్త్రీ, మీరు ఈడున్నరని తెలిస్తే ఎప్పుడో వస్తుంటి" అన్నడు. నూనె తుడవనీకి ఉంటయని మిల్లు నుంచి గోనె సంచుల కట్ట గూడ తెచ్చి ఇచ్చిండు. ఆయనకు అసువంటి కార్లున్న దోస్తులు ఏడెనిమిది మంది. మిర్యాలగూడల కొందరు, ఖమ్మంల కొందరు. "మేడం, నాది మంచిగైతే మావోళ్లందరినీ నేనే తోలుకొస్త" అని మాటిచ్చిండు.

ఆ దినం ఇంటికి పోయేటప్పుడు బస్సుల నా బిడ్డ, "ఈ ఒక్క బండి నాయినా. ఇది బాగైతే షెడ్డు నిలబడతది. లేకుంటే మూసుడే" అన్నది. ఆమె ఉత్తగ అనే మనిషి కాదు.

కారును రోలర్ల మీదికి ఎక్కించింది ఏప్రిల్ల. ఎండ దంచుతున్నది. పొద్దున రెండుసార్లు తొక్కి చూసింది. రెండుసార్లూ గీత నున్నగ వచ్చింది. సేటు ఫోనుల ఫొటోలు తీసుకుంటున్నడు. మూడోసారికి ముందు చల్లబరుస్తుంటే పెద్ద ఫ్యాను బెల్టు తెగింది. నా బిడ్డ షెడ్డు కాడనే ఉండే స్కూటీ తాళం తీసుకొని, "ఊర్లకు పోయి బెల్టు తెస్త. నేను వచ్చేదాకా స్టార్టు చేయొద్దు" అన్నది. నా దిక్కు చూసి అన్నది. సేటుకు చెప్తున్నదనుకున్న.

ఆమె పోయినంక సేటు కుర్చీ నా పక్కకు జరుపుకున్నడు.

"మేస్త్రీ, దీని ఇంజను ఇప్పి రెండు నెలలైంది. రింగులు కొత్తయి. సెట్టయినయంటరా?"

"ఎంత తిప్పినవ్?"

"ఎక్కువ లేదు. భయానికి తొక్కలె."

"తొక్కకపోతే రింగులెట్ల కూసుంటయి? కొత్త చెప్పులు కొని సంకల పెట్టుకొని తిరుగుతవా?"

సేటు నవ్విండు. "మేడం ఇందాక తొక్కింది గదా."

"పన్నెండు సెకన్లు. నోట్ల ముద్ద పెట్టి మళ్ల గుంజుకున్నట్టు. రింగుకు ఏం తెలుస్తది? మీ నాయిన మిల్లుల పొద్దుగాల లోడు పెడితే పగటాలకు గాని దించకపోదును."

"మా నాయిన గూడ గదే అంటుండె. మా మేస్త్రి లోడు పెట్టనిది ఇంజను తీసుకోను అని."

ఆ మాట నాకు మస్తు తీపిగనిపించింది. ఎన్నేండ్లైందో అసువంటి మాట విని. కుర్చీల కూసోని కూసోని నేను మేస్త్రిననే సంగతి నాకే మరుపొచ్చింది.

"ఆమె వచ్చేలోపట జర లోడు పెడదామా?" అన్న.

"మేడం వద్దన్నది గదా మేస్త్రీ."

"మేడంకు నట్టు పట్టుడు నేర్పింది ఎవరు?"

సేటు లేచి కార్ల కూసున్నడు.

మిషను బటన్ల మీద నా కోసమని నా బిడ్డ మూడు తెలుగు చీటీలు అంటించింది. లోడు, విడుపు, ఆపు. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినంక, ఆమె డిప్లొమా పుస్తకాల పక్కన కూసోని. ఎప్పుడన్న అవసరం పడితే చెయ్యేస్తవని అంటించింది. ఫ్యాను లేదు గదా, వేడి ఎట్ల అని ఆలోచన చేసిన. గోనె సంచులు కనపడ్డయి. రెండు తీసి డ్రమ్ముల ముంచి కారు ముందల జాలికి, కింద బంపరు నోటికి అడ్డం కప్పిన. ముందల ఒక పెళ్లిళ్ల ఫ్యాను పెట్టిన. నా లెక్కల అది కూలరు. తడి సంచిల నుంచి గాలి పోతే చల్లగ పోతది.

సేటు గేరేసి తొక్కిండు. నేను లోడు పెంచిన. కారు నిలబడి ఉరుకుతున్నది. నేను కారు కిటికీలకు వంగి నీళ్ల వేడి చూపెట్టే ముల్లు చూసిన. నడిమిట్ల ఉన్నది. నిమిషమైనంక మళ్ల చూసిన. కదలలె. మిల్లుల మాకు ఆ ముల్లే దేవుడు. అది నడిమిట్ల ఉంటే ఇంకేమీ చూడం.

కొంచెం సేపైనంక సన్నగ గలగల మొదలైంది. మంగలంల జొన్నలు పేలుతున్నట్టు.

"ఏదో సప్పుడొస్తున్నది మేస్త్రీ" అని సేటు అరిచి చెప్పిండు.

డీజిలు ఇంజను పుట్టిన కాన్నుంచి గలగలనే అంటది. నలభై ఏండ్లు ఆ సప్పుడుల బతికిన. అది లేకుంటేనే నాకు అనుమానం. "ఇప్పుడు పని చేస్తున్నది. పని చేస్తే సప్పుడు రాదా? తొక్కు" అన్న.

ఆయన తొక్కిండు. నేను అన్నందుకే తొక్కిండు.

ఇంకో నిమిషమో రెండో. సప్పుడు ఒక్కసారి దిగజారింది. కారు వణికింది. వెనక నుంచి నీలం పొగ షెడ్డంత నిండింది. నేను ఆపు మీద చెయ్యేసిన. రోలర్లు చానసేపు ఉత్తగనే తిరిగి ఆగినయి. సేటు దిగి దగ్గుకుంట బయటికి పోయిండు. నేను ముందలికి వచ్చి చూస్తే గోనె సంచులు ఎప్పుడో ఎండినయి. అట్టల లెక్క గట్టిపడి కారు నోటికి అతుక్కొని ఉన్నయి.

నా బిడ్డ బెల్టు భుజానికేసుకొని వచ్చింది. పొగ వాసన రోడ్డు మీదనే తగిలి ఉంటది, స్కూటీ స్టాండు గూడ వేయలె, గోడకు ఒరగబెట్టి లోపలికి వచ్చింది. ఎవరు స్టార్టు చేసిన్రు అని అడగలె. సంచి గుంజి కింద పడేసింది. బంపరు లోపలికి చెయ్యి పెట్టి వెంటనే తీసింది.

"ఎంతసేపు?"

"రెండు మూడు నిమిషాలుంటది" అన్న.

కంప్యూటరు దగ్గరికి పోయి చూసింది. "ఆరు నిమిషాల చిల్లర" అన్నది.

కారు చల్లారినంక ప్లగ్గులు ఇప్పింది. మూడో ప్లగ్గు మొనకు తెల్లగ మెరుసుకుంట చిన్న చిన్న పూసలు అంటుకొని ఉన్నయి. ప్లగ్గును నా అరచేతుల పెట్టింది. "ఇది పిస్టను నాయినా. కరిగి వచ్చింది" అన్నది. కోపంగ అనలె. ఇంట్ల పప్పు అయిపోయింది అన్నట్టు అన్నది.

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది, నేను అడిగితేనే. ఆ ముల్లు నడిపేటోళ్లు పరేషాన్ గావద్దని పెట్టిందట. నీళ్లు కొంచెం ఎక్కువ కాగినా అది నడిమిట్లనే నిలబడతదట. బంపరు కింద ఉన్నది టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే జాలి. నేను సంచి కప్పింది సరిగ్గ దాని నోటికే. గాలి చల్లగ గాకపోతే పెట్రోలు వేళ గాని వేళల అంటుకుంటది. ఆ అంటుకునే సప్పుడే నేను మంచిదనుకున్న గలగల. డీజిలుల అది బతుకు, పెట్రోలుల అది సావు. ఇదంత ఆమె ముందటినుంచి చెప్తనే ఉన్నది. గాలి, గాలి అని వందసార్లు చెప్పింది.

సేటు పెద్ద లారీ తెప్పించి కారును హైదరాబాదుకు పంపిండు. బాగు చేపిస్తమని మేమంటే వద్దన్నడు. "మేస్త్రి మా నాయిన లెక్క. మీ దగ్గర తీసుకుంటనా" అన్నడు. దాన్ని నేను మంచితనం అనుకున్న. మంచితనమే అది. కాని వారం తిరగకముందే రావాల్సిన రెండు కార్లు రామని ఫోను చేసినయి. మూడోది ఫోను గూడ చేయలె. కార్లోళ్ల వాట్సాప్ గ్రూపుల మిర్యాలగూడ కారును కోదాడ రోలర్లు తిన్నయని పెట్టిన్రట.

నేను మిర్యాలగూడ పోయిన. హుజూర్‌నగర్ మీద నుంచి పోయే బస్సెక్కి పోయిన, బిడ్డకు చెప్పలె. సేటు మిల్లుల ఉన్నడు. కూసోబెట్టి చాయ తెప్పించిండు.

"సేటూ, తప్పు నాది. రోలర్లది కాదు. నీ దోస్తులకు ఆ మాట చెప్పు" అన్న.

"బిడ్డ కోసం మీరు మీద వేసుకుంటున్నరు మేస్త్రీ. నాకు తెల్వదా?"

"మీద వేసుకునుడు కాదు. నువ్వే చూస్తివి గదా. నేనే గదా తొక్కు అన్నది."

"అన్నరు. మా నాయిన కాలం నుంచి అంటనే ఉన్నరు. మీ చేతుల ఒక్క ఇంజను పోయిందా? ఈ మిల్లుల ఒక్కటి పోయిందా?"

"పోలె."

"మరి? మనిషి అదే, పద్ధతి అదే. కొత్తగ వచ్చింది ఆ మిషనే."

"గోనె సంచి కప్పిన సేటూ. గాలి ఆగిపోయింది."

"గోనె సంచి మా మిల్లుల గూడ కప్పిన్రు గదా."

డీజిలు వేరు, పెట్రోలు వేరు అని చెప్పిన. మిల్లు ఇంజను తిరిగేది నిదానంగ, ఇది తిరిగేది దానికి ఎన్నో రెట్లు అని చెప్పిన. బిడ్డ చెప్పిందంత వరుసగ చెప్పిన. ఆయన తల ఊపుకుంట విన్నడు. చివరికి, "పెద్దోళ్లు, మీరు ఇంత దూరం రావొద్దుండె" అని బస్టాండుదాకా తన బండి మీద దింపిండు. నలభై ఏండ్లు నేను సంపాదించిన నమ్మకం అది. దాన్ని నేనే పోయి పగులగొడదామంటే పగలలె.

ఇంకొక పని చేసిన. పెద్ద తెల్ల కాయిదం తీసుకొని నా చేతితోని రాసిన. ఇక్కడ కారు పాడైంది నిజమే, పాడు చేసింది రోలర్లు కాదు, నేను, ఈ షెడ్డు మేడం తండ్రిని, ఆమె లేనప్పుడు చేసిన అని. షెడ్డు రేకుకు అంటించిన. ఎదురుంగ చాయ హోటలాయన కోదాడ మనిషి. రోడ్డు దాటి వచ్చి చదివిండు.

"ఏం రాశారు మేస్త్రి గారు, ఎవరైనా తమ కొట్టు ముందు తామే ఇట్లా రాసుకుంటారా?"

"నిజం రాసిన."

"నిజమేనండీ. కానీ బండిలో పోయేవాడికి ఎంత కనపడిద్ది? మొదటి ముక్క కనపడిద్ది."

సాయంత్రానికి దాన్ని ఎవరో ఫొటో తీసి అదే గ్రూపుల పెట్టిన్రు. షెడ్డోళ్లే ఒప్పుకున్నరు చూడండి అని కింద రాసిన్రు. నా బిడ్డ ఫోనుల చూసి, బయటికి పోయి కాయిదం నిదానంగ చినగకుండ తీసి, మడిచి సంచిల పెట్టుకున్నది. "అక్షరాలు బాగ రాసినవ్ నాయినా" అన్నది. 

ఆమె గూడ ఊరుకోలె. మిషను పరీక్షకని షెడ్డులనే ఉంచుకున్న తన చిన్న కారును రోలర్ల మీద పెట్టి, ఫ్యాను సరిచేసి, పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఎన్నోసార్లు తొక్కింది. మొదటి గీతకు చివరి గీతకు తేడా లేదు. నీళ్ల వేడి, నూనె వేడి, లోపలికి పోయే గాలి వేడి, అన్నీ తెర మీద చూపెట్టి వీడియో పెట్టింది. చిన్న కారు గాబట్టి తట్టుకున్నది అని ఒకరు రాసిన్రు. సొంత మిషను గదా, ఎట్లనన్న చూపిస్తరు అని ఇంకొకరు రాసిన్రు. రానోళ్లకు రాకపోనీకి ఏదో ఒకటి దొరుకుతది. ఎండకాలం పోయింది. వానకాలం సగం అయింది. షెడ్డుల ఈగలు తప్ప ఏం రాలె. మా ఇంటిది, "ఇద్దరు పోయి ఆడ కూసునే బదులు ఈడనే కూసోన్రి, బస్సు చార్జన్న మిగులుతది" అన్నది. ఎటకారానికి అన్నా, తెల్లారి నుంచి అట్లనే అయింది.

మిషను కొననీకి విజయవాడ దిక్కు నుంచి ఒకాయన వచ్చిండు. గుంతలకు దిగి రోలర్లు చేత్తోని తిప్పి చూసిండు.

"ఇది ఏదో పెద్ద కారు ఇంజను పోగొట్టిందని విన్నామండీ" అన్నడు.

నేను చెప్పబోయిన. నా బిడ్డ నా చెయ్యి మీద చెయ్యేసి, "ఊకో నాయినా" అన్నది. ఆయన దిక్కు తిరిగి, "అవునండీ, ఒక బండి పోయింది. మిషను మంచిదే. మీ బండి పెట్టి నడిపి చూసుకొని తీసుకపోండి" అన్నది.

అవునండీ అన్నది. ఇన్ని నెలలల్ల ఆ మాట ఆమె నోట్ల నుంచి నేను మొదటిసారి విన్న. నన్ను ఆగం కానీయొద్దని అన్నదో, విసిగి యాష్ట వచ్చి అన్నదో, ఇప్పటిదాకా అడగలె. క్రేను రోలర్లను పైకి లేపుతుంటే ఆమె దూరంగ నిలబడి ఫోను చూసుకుంటున్నది. ఫోనుల ఏం లేదు, నేను చూసిన, తెర నల్లగ ఉన్నది.

ఇప్పుడామె సూర్యాపేటల ట్రాక్టర్ల షోరూముల పని చేస్తున్నది. కౌంటరు కాడ కూసోని సర్వీసుకు వచ్చిన బండ్లు రాసుకుంటది. పానా పట్టే పని కాదు. మంచిగనే ఉన్నది అంటది.

మిషను పోయినంక, మేం కిరాయికి ఉన్న షెడ్డు ఆసామి దాన్ని టైర్ల గోదాముకు కిరాయికి ఇచ్చుకుంటడట, గుంత పూడ్చి ఇమ్మన్నడు. మట్టి తోలిపిచ్చినం. నేను పారతోని లాగిన, ఆమె నీళ్లు పోసింది. సాపు చేసినంక మడిమతోని రెండు మూడు చోట్ల ఒత్తి చూసి, "ఒక వాన పడి నేల నెమ్మెక్కితే మట్టి దిగుతది, మళ్ల వచ్చి నింపాలె" అన్నది. వానలు పడ్డయి. ఆమె పోలె, నేనూ పోలె.